రంజిత్ సింగ్ షెడ్డు

ఆటోనగర్‌లో చివరి రోడ్డు కొసన ఉన్న రేకుల షెడ్డుకి ఆ వేసవిలోనే చెడ్డపేరు వచ్చింది. రంజిత్ సింగ్ అనే మెకానిక్ అక్కడ లారీ కింద నలిగి పోయాడనీ, చీకటి పడగానే వచ్చి ఇనప పానాలు విసురుతాడనీ టీకొట్ల దగ్గర చెప్పుకునేవారు. చూసినవాడు ఒక్కడూ లేడు... చెప్పనివాడూ లేడు!

1999 సంగతి ఇది. కైకలూరు నుంచి వచ్చిన ఎల్లారావు, చేపలు ఐసులో ప్యాక్ చేసి పంపడానికి ఆ షెడ్డే అద్దెకి తీసుకున్నాడు. వారం తిరక్కుండా కూలీలంతా మానేశారు. ఊళ్ళో పడవ అమ్ముకుని వచ్చిన మనిషి, ఇది పోతే మరో బతుకు లేదు. దెయ్యమో, గియ్యమో తేల్చుకుందామని ఆ సాయంత్రం ఒక్కడే కూర్చున్నాడు.

కరెంటు పోయింది.

ఠంగ్... ఇనుము మీద ఇనుము. మళ్ళీ ఠంగ్... ఎవరో వరసగా వచ్చి ఒక్కొక్కటీ పడేసి పోతున్నట్టు. ఆ తర్వాత — చెవి పక్కనే — ముసలి గొంతు.

"అజ్జ్ రంజీత్ సింగ్ మర్ గియా..."

ఎల్లారావు చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

మర్నాడు పొద్దున్నే, రెండు వీధుల అవతల లారీ స్పేర్‌పార్టులు అమ్మే గుర్బచన్ సింగ్ దగ్గరికి వెళ్ళాడు.

"సర్దార్ గారూ, చచ్చిపోయిన రంజిత్ సింగ్ గారి వాళ్ళెవరో చెప్పండి. శాంతి చేయిస్తాను."

సర్దార్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మెకానిక్ కాదయ్యా, మా మహారాజు! ముక్కలుగా ఉన్న మావాళ్ళని ఒక్కటి చేసి లాహోరు ఏలాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇంగ్లీషువాళ్ళు సట్లెజ్ నది దాటలేదు." నవ్వు ఆగిపోయింది. "ఆయన పోయాక సింహాసనం కోసం మావాళ్ళే ఒకళ్ళనొకళ్ళు చంపుకున్నారు. ఇంగ్లీషువాళ్ళ చేతిలో రెండు యుద్ధాలు ఓడాం. మా సిపాయిలు వరసగా వచ్చి వాళ్ళ ముందు కత్తులు గుట్టగా పడేశారట. ఒక ముసలి సిపాయి తన కత్తి పడేసి, 'ఇవాళే రంజిత్ సింగ్ చచ్చిపోయాడు' అన్నాడట. రాజు పోయి అప్పటికే పదేళ్ళు! ఆ నెలలోనే చిన్నపిల్లాడి చేత, అదీ రాజు కొడుకు చేత, సంతకం పెట్టించుకుని రాజ్యం లాక్కున్నారు. నూటయాభై ఏళ్ళయిందని పిల్లలచేత ఆ నాటకమే వేయిస్తున్నా. రోజూ మా మేడ మీద రిహార్సల్. కత్తులకి బదులు పానాలు పడేస్తారు. ఆ మోతే నీ షెడ్డు దాకా వినబడుతోంది. అదీ నీ దెయ్యం!"

ఎల్లారావుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కూలీలకి కబురు పెడతానని లేచాడు.

"ఆ ముసలాయన వేషం ఎవరిదోగానీ అదరగొట్టేశాడండీ! 'అజ్జ్ రంజీత్ సింగ్ మర్ గియా'... వణికిపోయాననుకోండి."

సర్దార్ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"ఆ ముక్క నీకెవరు చెప్పారు?"

"విన్నదే చెప్పానండీ. నాకు పంజాబీ ఎక్కడొచ్చు?"

"పిల్లలంతా ఈ వీధివాళ్ళే..." సర్దార్ మెల్లగా అన్నాడు. "నాటకం తెలుగులో వేస్తున్నాం. పంజాబీ ముక్క ఒక్కటీ లేదు."

లేచిన ఎల్లారావు మళ్ళీ కూలబడ్డాడు. చేపలు, కూలీలు, పడవ... అన్నీ పోయినట్టే.

సర్దార్ గొంతు తగ్గించి అడిగాడు.

"ఆయన ఏడుస్తున్నాడా?"

ఎల్లారావు తలూపాడు.

సర్దార్ లేచి తలపాగా సర్దుకున్నాడు. "మా గోడౌన్‌లో పెట్టుకో నీ చేపలు. ఆ షెడ్డు తాళం ఇలా ఇవ్వు... ముసలాయన ఒక్కడే ఉన్నాడు."