వెళ్ళని మెసేజి

"భానుతేజ అంటే మీరేనాండీ?"

రావులపాలెం అరటి మార్కెట్ ఎదురుగా ఉన్న కొబ్బరితాళ్ళ కొట్టులో, లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్న భానుతేజ తలెత్తాడు. గుమ్మంలో ఒకమ్మాయి నిలబడి ఉంది. రెయిన్‌కోట్ మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. స్కూటీ మీద వానలోనే వచ్చినట్టుంది.

"నేనేనండి. తాళ్ళు కావాలాండీ? నాన్నగారు భోజనానికి వెళ్ళారు, ఇప్పుడే వచ్చేస్తారు."

"తాళ్ళు కాదు. 'సిమ్ గుర్తు' వెబ్‌సైటు మీదేనా?"

భానుతేజ మొహం వెలిగిపోయింది. తను కట్టిన సైటు పేరు పట్టుకుని కొట్టు దాకా వచ్చిన మొదటి మనిషి ఈ అమ్మాయే.

"నాదేనండి! ఎలా ఉంది?"

"మా తమ్ముడి నెంబర్ పోయింది. అలా ఉంది."

అతను కుర్చీ ఖాళీ చేసి ఇచ్చాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఆమె పేరు శ్రీసత్య. వాళ్ళది భీమవరం. తణుకులో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఏడాదిన్నర కిందట ఆమె తమ్ముడు సాయికిరణ్ బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. ఇంట్లో వాణ్ణి బన్నీ అని పిలిచేవాళ్ళు.

"వాడి సిమ్ బతికుండాలని ఏడాదికి సరిపడా రీచార్జి వేయించానండి. ఏడాది తర్వాత నాకు గుర్తుంటుందో లేదోనని మీ సైట్లో డేట్ పెట్టాను. డిసెంబర్‌లో మెసేజి రావాలి. రాలేదు. రీచార్జి వేయించడం మర్చిపోయాను, సిమ్ ఆగిపోయింది. బీరువాలో ఫోన్ బీరువాలోనే ఉంది. మొన్న మా ఫ్యామిలీ గ్రూప్‌లో 'సాయికిరణ్ లెఫ్ట్' అని వచ్చింది."

ఆమె రెయిన్‌కోట్ చేతుల మీది నీళ్ళు దులుపుకుంది. కళ్ళు మాత్రం తడవలేదు.

"మా అమ్మ రోజూ ఆ నెంబర్‌కి వాయిస్ మెసేజి పెడుతుంది. భోంచేశావా నాన్నా అని. ఇప్పుడవన్నీ ఎవరు వింటున్నారో తెలీదు. అమ్మకి తెలిస్తే ఏమవుతుందో తెలీదు. మెసేజి ఎందుకు రాలేదండీ?"

భానుతేజ లాప్‌టాప్ మూత వేసేశాడు. ఎందుకు రాలేదో అతనికి బాగా తెలుసు.

అతను హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాడు. తీరిక దొరికితే చిన్న చిన్న సైట్లు కడతాడు. అరటి గెలల ధరకి ఒకటి, ద్రాక్షారామం గుడిలో రద్దీ ఎంతుందో చూసుకోవడానికి ఒకటి, గోదావరి నీటిమట్టానికి ఒకటి. మొదలుపెట్టినప్పుడు తిండి కూడా గుర్తుండదు. పూర్తయ్యేసరికి ఇంకో ఆలోచన పుడుతుంది, పాతదాన్ని గాలికి వదిలేస్తాడు. కిందటి నవంబర్‌లో మెసేజిలు పంపే సర్వీసు వాళ్ళ పద్ధతి మారింది. 'మీ మెసేజిలు వెళ్ళడం లేదు' అని అతనికి వరసగా మెయిల్స్ వచ్చాయి. చూశాడు. సిమ్ గుర్తు ఎవరు వాడతార్లే అనుకున్నాడు. అప్పుడతను గోదావరి సైటుకి రంగులు వెతుకుతున్నాడు.

"అదీ... సర్వీసు వాళ్ళ వైపు ప్రాబ్లమ్ వచ్చిందండి," అన్నాడు. "నాక్కూడా ఇప్పుడే తెలిసింది."

శ్రీసత్య అతని మొహంలోకి చూసింది. నమ్మింది.

"సరే. ఆ నెంబర్ మళ్ళీ తెచ్చే దారేమైనా ఉందా?"

"నేను చూస్తానండి," అన్నాడు, చూడకపోతే ఊపిరి ఆడదన్నట్టు.

*

ఆ శనివారం ఇద్దరూ రాజమండ్రిలో ఫోన్ కంపెనీ ఆఫీసుకి వెళ్ళారు. కౌంటర్లో ఆవిడ ఓపిగ్గానే విన్నది.

"అది వేరే కస్టమర్‌కి వెళ్ళిపోయింది మేడమ్. ఎవరో మేం చెప్పకూడదు. నెంబర్ కంపెనీది, మనిషిది కాదు. వాడినంతకాలమే మనది."

బయటికొచ్చి గోదావరి గట్టు మీద టీ తాగారు. శ్రీసత్య కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. ఆమెనలా చూడలేక భానుతేజ మాటలు అందుకున్నాడు. పది అంకెల్లో నెంబర్లు ఎందుకు చాలవో, పాత నెంబర్లని కంపెనీలు ఎందుకు మళ్ళీ అమ్ముకుంటాయో, ఏ కంపెనీ దేన్ని కలుపుకుందో, లంకల్లో ఎవరి టవర్ ఎంతదూరం పలుకుతుందో ఏకబిగిన చెప్పుకుపోయాడు.

"మీరు కంపెనీల గురించి చెబుతుంటే మా పెద్దమ్మ చుట్టాల గురించి చెప్పినట్టుందండి," అందామె. "ఎవరు ఎవరితో కలిశారు, ఎవరు విడిపోయారు, ఎవరు ఎవరి మీద అలిగారు..."

"చుట్టాల కన్నా నయమేనండి. వీళ్ళని పోర్ట్ పెట్టి మార్చుకోవచ్చు."

ఆమె నవ్వింది. నవ్వానని తెలిసి వెంటనే ఆపేసింది. ఆ ఆపుకున్న నవ్వుని భానుతేజ వారం రోజులు మోసుకుతిరిగాడు.

ఆదివారాలు అలవాటయ్యాయి. నెంబర్ రాదని ఇద్దరికీ తెలుసు. అయినా కలుసుకోవడానికి ఒక పని దొరికింది. బన్నీ పాత వాయిస్ మెసేజిలు, ఫోటోలు అన్నీ ఒక్క పేజీలో పెట్టి వాళ్ళమ్మగారికి ఇవ్వాలి. ఆమె కోడ్ రాస్తే అతను సరిచేసేవాడు. అతను రంగులు వేస్తే ఆమె తీసేసేది.

"ఆ బటన్ అంత ఎర్రగా ఏంటండీ? ఫైరింజన్‌లా ఉంది."

"కనబడాలి కదండీ."

"అమ్మకి కళ్ళు బాగానే కనిపిస్తాయి. మీకే డౌటు."

భానుతేజ వాళ్ళమ్మ కన్యకాపరమేశ్వరి పెసరట్లు తెచ్చి మధ్యలో పెట్టి, ఇద్దర్నీ ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళిపోయేది. వాన పెద్దదైతే శ్రీసత్య ఇంకో అరగంట కూర్చునేది. వాన తగ్గకపోతే బాగుండునని అతను కిటికీ వంక చూసేవాడు. ఓసారి అటునుంచి కళ్ళు తిప్పేసరికి, ఆమె కూడా కిటికీకేసే చూస్తోంది.

ఇష్టమని చెప్పాలని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. ఆ మాట వెనకాలే ఇంకో మాట ఉంది. అది చెప్పకుండా ఇది చెప్పలేడు. అందుకని రెండూ మింగేవాడు.

*

సెప్టెంబర్లో ఒక ఆదివారం శ్రీసత్య ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ రోజు ఆ నెంబర్‌కి చేస్తానండి. ఇన్నాళ్ళూ భయమేసింది. వేరే గొంతు వినబడితే వాడు నిజంగా లేనట్టే కదా. మీరు పక్కనుంటే చేయగలను."

స్పీకర్ పెట్టి డయల్ చేసింది. నాలుగు రింగుల తర్వాత ఒక ముసలావిడ గొంతు పలికింది.

"ఎవరండీ?"

"నా పేరు శ్రీసత్యండి. భీమవరం నుంచి... ఈ నెంబర్ ఇదివరకు..."

"బంగారమ్మగారి అమ్మాయివా తల్లీ?"

శ్రీసత్య చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది.

"నేను తునిలో కూరలు అమ్ముకుంటానమ్మా. పాపాయమ్మంటారు. మీ అమ్మగారు రోజూ చేస్తారు కదా. మొదట్రోజు నేనెత్తితే చాలాసేపు ఏడ్చారు పాపం. తర్వాత్నుంచి భోంచేశావా వదినా అనే అడుగుతారు. నీకు మాత్రం చెప్పొద్దన్నారమ్మా. మా అమ్మాయి ఆ నెంబర్ మీదే ప్రాణం పెట్టుకుంది, తెలిస్తే తట్టుకోలేదన్నారు. అయ్యో, చెప్పేశాను చూడు!"

శ్రీసత్య ఫోన్ పెట్టేసి బల్ల మీద బోర్లించింది.

"అమ్మకి తెలుసు," అంది శ్రీసత్య. "నేను అమ్మ కోసం దాస్తున్నాననుకున్నా. అమ్మ నాకోసం దాచింది." అతని వైపు తిరిగింది. "మీరు లేకపోతే ఈ ఫోన్ ఎప్పటికీ చేసేదాన్ని కాదండి. మీలాంటి వాళ్ళు..."

"అలా అనకండి." భానుతేజ లేచి నిలబడ్డాడు. "సర్వీసు వాళ్ళ ప్రాబ్లమ్ కాదండి. మెసేజిలు వెళ్ళట్లేదని నాకు నవంబర్‌లోనే మెయిల్స్ వచ్చాయి. చూశాను. ఎవరూ వాడట్లేదులే అని వదిలేశాను. ఒక గంట పని. చేసుంటే మీ తమ్ముడి నెంబర్ ఉండేది."

ఆమె నమ్మలేనట్టు చూసింది.

"మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డానండి. తర్వాత... మీరు రారేమోనని చెప్పలేదు."

"అంటే ఈ ఆదివారాలన్నీ..."

"ఆదివారాలు నిజమేనండి. నాకు మీరంటే ఇష్టం. అదీ నిజమే. తప్పూ ఇష్టమూ కలిపి చెప్పాలని కాదు, విడిగా చెప్పే ధైర్యం లేక ఇలా చెప్పేశాను."

శ్రీసత్య రెయిన్‌కోట్ తొడుక్కుంది. బటన్లు సరిగ్గా పడలేదు. గుమ్మం దగ్గర ఆగింది గానీ వెనక్కి చూడలేదు.

"మీరంటే నాకూ ఇష్టమేనండి. అందుకే ఇంత బాధగా ఉంది," అని వెళ్ళిపోయింది.

*

తర్వాత భానుతేజ కొత్త సైటేదీ మొదలుపెట్టలేదు. సిమ్ గుర్తుని తెరిచాడు. పాడైనదాన్ని బాగుచేశాడు. గంట కూడా పట్టలేదు. అది చూసి కుర్చీలోనే తల పట్టుకున్నాడు.

సైట్లో పేర్లు మూడు వందల పన్నెండు ఉన్నాయి. మెయిల్ పెడితే ఐదు నిమిషాల పని. అతను ఫోన్లు చేశాడు. ఆఫీసు పని అయ్యాక, రోజుకి పాతిక మందికి. "నా తప్పు వల్ల మీకు మెసేజి రాలేదండి. నెంబరేమైనా పోయిందా?" చాలామందికి ఆ సైటే గుర్తులేదు. కొందరు తిట్టారు. అమలాపురంలో యెహెజ్కేలు అనే రిటైర్డ్ మాస్టారి భార్య సిమ్ పోయింది. ఆయన తిట్టలేదు. "ఫోన్ చేశావు కదయ్యా, సంతోషం," అన్నారు. ఆ మాటకి భానుతేజ ఆ రోజు ఇంకెవరికీ చేయలేకపోయాడు.

రెండు వారాలకి ఒకే పేరు మిగిలింది. దాన్ని కావాలనే ఆఖర్న ఉంచాడు. సాయంత్రం, కొట్టు వెనక తాళ్ళ చుట్టల మధ్య నిలబడి చేశాడు. ఎత్తదనుకున్నాడు. ఎత్తింది.

"శ్రీసత్యగారేనాండీ? నేను సిమ్ గుర్తు నుంచి భానుతేజనండి. డిసెంబర్‌లో మీకు వెళ్ళాల్సిన మెసేజి నా నిర్లక్ష్యం వల్ల వెళ్ళలేదు. క్షమించండి. ఇదే అందరికీ చెప్పానండి. మీరే ఆఖరు."

"అందరికీ ఫోన్లు చేశారా?"

"చేశానండి. ఉంటానండి మరి."

"ఆగండి."

అటు తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత ఆమె మెల్లగా మొదలుపెట్టింది.

"మీకొకటి చెప్పాలి. అమ్మకీ చెప్పలేదు. ఆ రోజు వాడు నాకు రెండుసార్లు చేశాడండి. చేపల చెరువుకి వెళ్తూ కాలవ రోడ్డు మీద లారీని తప్పించబోయి పడ్డాడు. పడ్డాకే చేశాడు. నేను క్లాసులో ఉన్నాను. ఎప్పుడూ పనిలేక చేస్తాడు కదా అని కట్ చేశాను. రెండోసారి కూడా. అందుకే ఆ నెంబర్... మళ్ళీ ఎప్పుడైనా అందులోంచి రింగ్ వస్తే, ఈసారి ఎత్తుదామని. పిచ్చి కదండీ?"

"కాదండి."

అప్పుడు ఏడ్చింది శ్రీసత్య. ఇన్నాళ్ళుగా ఏడవని ఏడుపు. ఊరుకోండి అనలేదు భానుతేజ. మీ తప్పేం లేదనీ అనలేదు. ఆ మాట చెప్పే అర్హత తనకి లేదనిపించింది. తాళ్ళ చుట్ట మీద కూర్చుని, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని విన్నాడు. మార్కెట్లో ఆఖరి గెలల లారీ కదిలిపోయింది. వాళ్ళ నాన్నగారు రెండుసార్లు పిలిచారు. పలకలేదు.

"ఉన్నారా?" అంది ఆమె చాలాసేపటికి.

"ఉన్నానండి."

"పెట్టేయకండి."

"పెట్టనండి."