వచ్చినట్టు లేదు

వంతెన కింద బాంబు దొరికింది. మర్నాడు విదేశీ అతిథి కారు వెళ్ళవలసిన దారి అది. ఆ సంగతి సీక్రెట్ సర్వీస్ టీంకి తప్ప ఎవరికీ తెలియదు.

“నిన్న మధ్యాహ్నం బయటినుంచి శత్రువులకి మెసేజ్ పోయింది,” అన్నాడు బాస్. “ఆ టైంలో ఆఫీసులో లేనిదెవరో తేల్చు, గద్దా.”

ఏజెంట్ గద్ద అత్తయ్యని అడిగాడు. అత్తయ్యంటే మనిషి కాదు, ఆఫీసు కంప్యూటర్. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ వేళ ఎక్కడున్నారో అన్నీ ఆవిడకి కావాలి మరి!

స్క్రీన్ మీద జవాబు పడింది: “డ్రైవర్ మామ వచ్చినట్టు లేదు.”

గద్ద రిపోర్టులో “మామ రాలేదు” అని రాసేశాడు. తేడా ఏముందిలే అనుకున్నాడు, పాపిష్టివాడు. తన పెళ్ళికారు నడిపిన మామని తానే సెల్‌లో వేయించాడు.

“కారుతో షెడ్డు వైపునుంచి వచ్చాను బాబూ. అక్కడ కార్డు గీకే మెషీనే లేదు కదా!”

“అత్తయ్య అబద్ధం చెప్పదు మామా.”

“చెప్పదు. నువ్వడిగిందానికి చెప్పింది.”

మర్నాడు, అతిథి కారుకి మామ బదులు కొత్త డ్రైవరని గద్ద విన్నాడు. అతన్ని తెచ్చింది నెమలి. సెంటు వాసనతోనే తలలు తిప్పించే అందగత్తె, టీంలో సీనియర్ ఏజెంట్.

ఈసారి ప్రశ్న మార్చాడు: “ఆఫీసులో లేరని ఎవరి గురించి ఖాయంగా తెలుసు?”

“నెమలి. అదే వేళకి ఎయిర్‌పోర్ట్ కెమెరాలో ఆమె ముఖం ఉంది. ఒక మనిషి ఒకేసారి రెండు చోట్ల ఉండలేరు. గేటులో ఎవరో గీకింది ఆమె కార్డు. కార్డు మనిషి కాదు.”

గద్ద సెక్యూరిటీ గార్డు డ్రస్సు తొడిగి, మీసం అంటించుకుని గేటుకి పరుగెత్తాడు. అతిథి కారు వస్తోంది. వెనక కారులో నెమలి. టక్కున అడ్డుకర్ర దించాడు.

“కార్డు, మేడమ్.”

“నా ముఖం తెలీదా నీకు?”

“తెలుసు. ఎయిర్‌పోర్టులో చూశాం.”

నెమలి పౌడర్ డబ్బా తెరిచింది. అద్దం కింద బటన్. ఆమె గోరు దానికి తగిలేలోగా గద్ద ఆమె మణికట్టు మెలితిప్పి పట్టుకున్నాడు. అతిథి సీటు కింద పెట్టిన రెండో బాంబు పేలకుండా ఉండిపోయింది. కొత్త డ్రైవర్ చేతులెత్తేశాడు.

సాయంత్రం, సెల్‌లోంచి బయటికొచ్చిన మామే గద్దని ఇంటికి దింపాడు. దారిపొడవునా గద్ద తలెత్తలేదు.

“మామా, నా మీద కోపం ఉందా?”

“ఉన్నట్టు లేదు బాబూ,” అన్నాడు మామ, గేరు మారుస్తూ. “లేదని మాత్రం రిపోర్టులో రాసేయకు.”