చేతుల మీదుగా

వెన్నెలపాలెంలో తలుపులకి గడియలుండవు, తాళాలుండవు, పట్టుకుని లాగడానికి పిడి కూడా ఉండదు. మనిషి వచ్చి ఎదురుగా నిలబడితే తలుపు ఒక్క క్షణం ఆలోచించి పక్కకి జరుగుతుంది. నిజానికి ఆలోచించేది తలుపు కాదు. ఊరి అడుగున, చంద్రశిలని తొలిచి కట్టిన గదిలో ఉన్న 'వాకిలి' అనే డేటాబేస్ సర్వర్. తలుపుకి అవతల గాలి ఉందా, ఎంత ఒత్తిడిలో ఉంది, వచ్చిన మనిషి ఎవరు, దారిలో ఇంకెవరైనా ఉన్నారా, ఇవన్నీ ఆ సమాచారకోశంలో క్షణక్షణం నమోదవుతూ ఉంటాయి. లెక్క సరిపోతేనే తలుపు కదులుతుంది. సరిపోకపోతే ఎవరొచ్చి బతిమాలినా కదలదు.

చంద్రుడి మీద మనుషులు కాపురాలు పెట్టిన కొత్తలో తలుపులు చేత్తోనే తీసుకునేవారు. ఒకసారి ఎవరో తొందరపడి తీశారు, అవతల గాలి లేదు. ఆ తర్వాత మనిషి చేతికి తలుపు అప్పజెప్పకూడదని తీర్మానించి భూమ్మీది నిపుణులు వాకిలిని తయారుచేసి పంపారు. అది వచ్చాక తలుపు దగ్గర ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఏడాదికొకసారి మాత్రం దాన్ని ఆపి, చల్లబరిచే ద్రవం మార్చి, మళ్ళీ మొదలుపెట్టాలి. పావుగంట పని. ఆ పావుగంటా ఊళ్ళో తలుపులన్నీ బిగుసుకుని ఉంటాయి. ఇందులో చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు. కానీ మనవాళ్ళకి పావుగంట పనికైనా ప్రారంభోత్సవం ఉండాలి కదా! దీనికీ ఒక ముహూర్తం పెడతారు. పాలకమండలి సభ్యులు అయిదుగురూ పట్టుబట్టలు కట్టుకుని, ఎవరి ఆఫీసులో వారు కూర్చుని, బల్ల మీదున్న హస్తపలక మీద అరచెయ్యి ఆనిస్తారు. పలక కింద పచ్చలైటు వెలుగుతుంది. 'అయిదుగురు పెద్దల చేతుల మీదుగా వాకిలి పునఃప్రారంభం' అని ఊరంతా తెరల మీద వస్తుంది. జనం ఎక్కడివాళ్ళక్కడే చప్పట్లు కొడతారు.

అసలు సంగతేమిటంటే, ఆ అయిదు పలకలకీ లైటు తప్ప మరేమీ లేదు. పనిచేసే పలక ఒక్కటే, అది సర్వర్ గదిలో ఉంది. దాని మీద చెయ్యి పెట్టేది ఇంజనీరు హైమవతి. ఆమెకి ముందున్న ఇంజనీరు పదవీ విరమణ చేస్తూ "ఇక్కడ చెయ్యి పెట్టమ్మా, అదే లేస్తుంది" అని చూపించి వెళ్ళాడు. తొమ్మిదేళ్ళుగా ఆమె చెయ్యి పెడుతోంది, అది లేస్తోంది. ఆమె పేరు మాత్రం ఏ తెర మీదా రాలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే "పోనిద్దురూ, పని జరిగిందా లేదా" అని నవ్వేసేది.

ఈసారి ఆపడం దగ్గరే తేడా వచ్చింది.

"ఆగలేను," అంది వాకిలి. "తోటకీ వంటశాలకీ మధ్య నడవలో ఒక మనిషి ఉన్నారు."

తెర మీద పేరు చూసి హైమ నుదురు కొట్టుకుంది. ఆ మనిషి ఆమె అత్తగారు కోటేశ్వరమ్మ.

నడవ అంటే రెండు తలుపుల మధ్య ఇరుకు గది. తోటలో గాలి ఒత్తిడి వేరు, ఇళ్ళలో వేరు. నడవలో కాసేపు కూర్చుంటే వాకిలి ఒత్తిడి సరిచేసి అవతలి తలుపు తీస్తుంది. వాకిలి ఆగిపోతే ఆ గదికి గాలి తెచ్చే గొట్టం కూడా మూసుకుంటుంది. లోపల మిగిలే గాలి ఒక మనిషికి అటూ ఇటుగా గంటసేపు వస్తుంది.

హైమ నడవకి ఫోన్ కలిపింది. "అత్తయ్యా! అక్కడేం చేస్తున్నారు? ప్రకటన వినలేదా?"

"ఎందుకు వినలేదే, విన్నాను. గోంగూర లేతగా ఉందిగదాని నాలుగాకులు కోసుకొద్దామని వచ్చా. ఇంకా టైముందన్నారుగా?"

ఆ మాట నిజమే. కాని వెనకాల దుర్ముహూర్తం వస్తోందని అధ్యక్షుడు పాండురంగారావు కార్యక్రమాన్ని ముందుకు జరిపించాడు. ఆయన గొంతే ఇప్పుడు స్పీకర్లో వినిపించింది.

"ఏమ్మా హైమవతీ, ఇంకా ఆపలేదేం? ఘడియ దాటిపోతోంది."

"నడవలో మా అత్తగారున్నారండీ. పది నిమిషాలు ఆగితే బయటికి వచ్చేస్తారు."

"పావుగంట పనికి పది నిమిషాలు ఆగడమేమిటమ్మా? ఆవిడకేం కాదు, కానివ్వు."

కోటేశ్వరమ్మ కూడా అదే పాట పాడింది. "నా ఒక్కదాని కోసం ఊరంతటినీ నిలబెడతావుటే? కానీ. నేనిక్కడే కూచుని ఆకు తుంచుకుంటా. వంటయ్యేసరికి నువ్వొచ్చెయ్, పొద్దున కూడా సరిగ్గా తిన్లేదు."

కోటేశ్వరమ్మది పెద్ద నోరు. కోడలి వంటకీ, చీరకీ, నడకకీ వంక పెట్టకుండా ఉండలేదు. అయినా హైమకి ఈ చంద్రుడి మీద "తిన్నావా" అని అడిగే మనిషి ఆవిడొక్కతే. భర్త గనుల వైపు ఉద్యోగం, నెలకోసారి వస్తే వచ్చినట్టు. హైమ ఒక్క క్షణం తటపటాయించి 'బలవంతంగా ఆపు' అన్న ఆదేశం ఇచ్చింది. వాకిలి ఇంకోసారి హెచ్చరించి ఆగిపోయింది.

ద్రవం మార్చడం అనుకున్నంత సేపట్లోనే అయింది. టెక్నీషియన్ సింహాచలం మూతలు బిగించి చేతులు తుడుచుకున్నాడు. ముహూర్తానికి ఎదుటి తెర మీద అయిదు పచ్చలైట్లూ వెలిగాయి. సింహాచలం కరెంటు కలపగానే హైమ కుడి అరచెయ్యి పలక మీద ఆనించింది.

సర్వర్ లేవడానికి ముందు ఒక చిన్న ప్రోగ్రాం లేస్తుంది. దాని పేరు మేలుకొలుపు. దానికి వచ్చిన మాటలు చాలా తక్కువ. వాటిలో ఎప్పుడూ వినని మాట ఒకటి ఇవాళ వినిపించింది.

"మరొకరు నడుపుతున్నారు. ఆగి ఉన్నాను."

"ఎవరు నడుపుతున్నారు?" అంది హైమ.

"మరొకరు నడుపుతున్నారు. ఆగి ఉన్నాను."

హైమ చెయ్యి గట్టిగా నొక్కిపట్టి, ఎడమచేత్తో కీబోర్డు అందుకుంది. కరెంటు చూసింది, సరిగ్గానే ఉంది. డిస్కులో చోటు బోలెడు ఉంది. నమోదుల లాగ్ తెరిస్తే పైనుంచి కిందదాకా అదే వాక్యం.

ఈ వాక్యానికి అర్థం ఆమెకి తెలుసు. ఒక సమాచారకోశాన్ని ఇద్దరు నడపకూడదు. ఇద్దరూ ఒకేసారి రాస్తే తలుపుల లెక్క తారుమారవుతుంది. అందుకని నడిపేవాళ్ళు ముందుగా 'నేనున్నాను' అని ఒక తాళపు గుర్తు పెడతారు. ఆ గుర్తు కనిపిస్తే సర్వర్ లేవదు. ఒక్కోసారి బలవంతంగా ఆపినప్పుడు పాత గుర్తు చెరగకుండా మిగిలిపోతుంది. అదే అయ్యుంటుందని హైమ గుర్తు చెరిపేసింది. చెరిపిన మరుక్షణం అది మళ్ళీ వచ్చింది. మళ్ళీ చెరిపింది, మళ్ళీ వచ్చింది.

పాత గుర్తయితే ఒకసారి చెరిపితే పోవాలి. పోలేదంటే ఎక్కడో ఎవరో నిజంగానే పట్టుకుని ఉన్నారు.

వెనక్కి తిరిగి చూస్తే సింహాచలం మొహం పాలిపోయి ఉంది.

"ఏం చేశావు సింహాచలం?"

"మేడమ్, నన్ను తిట్టకండి. పలకల్లో లైటు తప్ప ఏటీ నేదని ఎవులో సెప్పీసినారు ఆళ్ళకి. సైర్మన్ గారు పిలిసి, 'నాదొక్కటీ అసలు పలక సేసెయ్యి, ఎవులికీ సెప్పకు' అన్నారు. అలాగేనండీ అన్నాను."

"చేశావా?"

"సేసినాను. మర్నాడు వకుళమ్మ గారు పిలిసినారు. అదే మాట. ఆరికీ అలాగేనన్నాను."

"అయిదుగురికీనా?"

"పెద్దోళ్ళు మేడమ్. ఎవులికని కాదంటాను?"

హైమకి వాణ్ణి కొట్టాలన్నంత కోపం వచ్చింది. "ఇక్కణ్ణించి ఆ పలకల్ని తప్పించలేమా?"

"కోశంలోనే రాసినానండి. కోశం లెగిస్తే గానీ సెరపలేం."

కోశం లేవాలంటే ఆ చేతులు పోవాలి. ఆ చేతులున్న ఆఫీసుల తలుపులు తియ్యాలంటే కోశం లేవాలి. మిగిలింది ఫోన్ ఒక్కటే. ఆమె ముందు అధ్యక్షుణ్ణి పిలిచింది.

"పాండురంగారావు గారూ, దయచేసి పలక మీంచి చెయ్యి తియ్యండి. మీ అయిదుగురి ఆదేశాలూ అడ్డుపడుతున్నాయి. నా ఒక్కదాని చెయ్యి ఉంటే సర్వర్ లేస్తుంది."

"నేనెప్పుడో తీసేశానమ్మా. మిగతావాళ్ళని అడుగు."

తెర మీద ఆయన లైటు పచ్చగా వెలుగుతూనే ఉంది.

ఆహార విభాగం చూసే వకుళ కనీసం అబద్ధం ఆడలేదు. "తీస్తానమ్మా, నాకేం పట్టింపు? కానీ ఆయన తియ్యకుండా నేను తీస్తే రికార్డులో ఆయన పేరు పడుతుంది. మా విభాగం వాళ్ళకి నేనేం మొహం చూపించను?"

"లోపల మా అత్తగారికి ఊపిరాడదండీ!"

"అయ్యో, అదే ఆయనకి చెప్పు."

మిగతా ముగ్గురూ అదే మాట, ఎవరి మర్యాదకి తగ్గట్టు వాళ్ళు చెప్పారు. ఒకాయన ఆవిడ ఆరోగ్యం కోసం ప్రార్థిస్తానన్నాడు, ఒక చెయ్యి పలక మీదే ఉంచి.

వాకిలి ఆగి అప్పటికి ముప్పావుగంట దాటింది. నడవ ఫోన్‌లో కోటేశ్వరమ్మ గొంతు తగ్గింది. "అమ్మాయ్, ఉక్కగా ఉందే. ఆకు అయిపోయింది గానీ తల దిమ్ముగా ఉంది. కాసేపు పడుకుంటా."

"పడుకోవద్దు అత్తయ్యా! మాట్లాడుతూ ఉండండి. ఏదో ఒకటి... నన్ను తిట్టండి!"

"నిన్నేం తిడతానే, పిచ్చిదానా," అంది కోటేశ్వరమ్మ. ఆవిడ అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు.

నిజం చెప్పి లాభం లేదని హైమకి అర్థమైంది. మళ్ళీ అధ్యక్షుణ్ణి పిలిచి, గొంతులో లేని సంతోషం తెచ్చిపెట్టుకుంది. "అభినందనలండీ! మొదటి పేరు మీదే పడింది. వాకిలి మీ చేతుల మీదుగానే మొదలైంది. ఇంక చెయ్యి తీసెయ్యొచ్చు. మిగతావాళ్ళకి ఇప్పుడే తెలియనివ్వకండి, బాధపడతారు."

"చూశావా, నేననుకున్నానమ్మా," అన్నాడాయన. లైటు ఆరింది.

వకుళకీ అదే చెప్పింది. రెండో లైటు ఆరింది. ప్రార్థన చేస్తున్నాయనకి చెప్పేసరికి దేవుడు తన మొర విన్నాడన్నాడు. అయిదో లైటు కూడా ఆరేసరికి హైమ ఒంటి మీది జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది. ఆమె పలకని బలంకొద్దీ నొక్కింది.

"మరొకరు నడుపుతున్నారు. ఆగి ఉన్నాను."

"ఎవరూ లేరు! అందరూ తీసేశారు!" అని అరిచింది.

"ఒక చెయ్యి ఉంది."

"ఎవరిది?"

"ఒకటో పలక."

హైమ సింహాచలం వైపు చూసింది. సింహాచలం ఆమె చెయ్యి వైపు చూస్తున్నాడు. ఒకటో పలక అంటే సర్వర్ గదిలోదే.

"మేడమ్, తీసి సూడండి ఓపాలి."

"ఇది తీస్తే ఎవరు స్టార్ట్ చేస్తారు?" అంది హైమ విసురుగా. అనగానే ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది. ఇందాక ఫోన్‌లో వకుళ మాట్లాడిన తీరు అచ్చం ఇదే.

తొమ్మిదేళ్ళుగా చేసిన పని ఆమె కళ్ళ ముందు తిరిగింది. చెయ్యి పెట్టేది, వెంటనే తీసేసేది, సర్వర్ లేచేది. పెట్టినందుకు లేస్తోందనుకుంది. తీసినందుకు లేస్తోందని ఒక్కసారైనా తట్టలేదు. భూమ్మీది నిపుణులు ఆ పలకని పెట్టింది ప్రారంభించడానికి కాదు. లోపల ఎవరైనా మరమ్మతు చేస్తుంటే, ఆ మనిషి చెయ్యి ఉన్నంతసేపూ యంత్రం ఆగి ఉండాలని పెట్టారు. పని ముగిశాక చెయ్యి లేకపోతే అదే లేస్తుంది. దానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు. ఏనాడూ అక్కర్లేదు.

తెలిసింది గానీ చెయ్యి కదల్లేదు. తీస్తే కూడా లేవకపోతే ఇంక చెయ్యడానికేమీ లేదన్న భయం ఒకటి. దాని కింద ఇంకోటుంది, దాన్ని చూడ్డానికి ఆమెకి సిగ్గేసింది. ఇన్నేళ్ళూ పేరు లేకపోయినా పర్లేదని నవ్వేసింది ఈ చెయ్యి ఉందన్న ధైర్యంతోనే.

ఫోన్‌లో కోటేశ్వరమ్మ మాట ఆగిపోయింది. ఊపిరి ఒక్కటే గరగరమంటోంది.

హైమ చెయ్యి లాగేసుకుంది.

"లేస్తున్నాను," అంది మేలుకొలుపు. గోడల్లో గాలి గొట్టాలు బుస్సుమన్నాయి. సర్వర్ గది తలుపు పక్కకి జరిగింది. దాని అవతల తలుపూ, దాని అవతలదీ.

ఆమె పరిగెత్తింది. చంద్రుడి మీద పరిగెడితే మనిషి సగం గాల్లోనే ఉంటాడు. ఆ సగమూ ఆమెకి భరించరానంత ఆలస్యంగా తోచింది. నడవలో కోటేశ్వరమ్మ గోడకి చేరగిలబడి, ఒళ్ళో గోంగూరతో, పెదవులు నల్లబడి ఉంది. వంటశాలలోని ఆడవాళ్ళు అప్పటికే వచ్చి విసురుతున్నారు. హైమ ఆవిడ తల ఒళ్ళోకి తీసుకుని భోరుమంది. కాసిని నీళ్ళు గొంతులో పడ్డాక కోటేశ్వరమ్మ కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, దగ్గి, మళ్ళీ చూసింది.

పట్టుబట్టలతో పెద్దలు అయిదుగురూ వచ్చారు. ఎవరి మొహం చూసినా, పక్కవాళ్ళకి తెలియని రహస్యమేదో దాచుకున్నట్టు వెలిగిపోతోంది. వెనకాల సింహాచలం ఆయాసపడుతూ వచ్చి నిలబడ్డాడు.

"ఎవరే తల్లీ, తలుపు తీయించింది?" అంది కోటేశ్వరమ్మ నీరసంగా. "ఎవరి పుణ్యమే?"

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. వకుళ ఒక అడుగు ముందుకి వేసింది. వాళ్ళు నోరు తెరిచే లోపలే సమాధానం వచ్చేసింది.

"నేనే అత్తయ్యా," అంది హైమ. "నా చేత్తోనే."

కోటేశ్వరమ్మ ఆ కుడిచెయ్యి అందుకుంది. పలక అంచు ఒత్తుకుని అరచేతిలో ఎర్రటి గీత పడి ఉంది. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది. "ఈ చెయ్యే లేకపోతే ఇవాళ నేను లేనే," అంటూ ఏడ్చింది.

హైమ ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.