స్కోవియా తినని మిడతలు

"ఉగాండాలో వేయించిన మిడతలు తినని మనిషి లేడు" అన్న నా వాక్యాన్ని స్కోవియా ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టేసింది.

పర్యాటకుల పుస్తకానికి మా దేశాన్ని ఒక్క పేజీలో పరిచయం చెయ్యాలి. రాసేది నేను, దిద్దేది తను. మూడు వారాలుగా కంపాలాలోని ఆ ఇరుకు ఆఫీసులో అదే పేజీ నానుతోంది. సముద్రం లేదని రాస్తే "ఏడుపెందుకు, సరస్సు ఉందిగా" అంది. ఊళ్లో కొండలు ఏడని రాస్తే "ఎక్కి లెక్కపెట్టావా?" అంది. ఆ పేజీ ఎప్పటికీ తెమలకూడదని నేను దేవుడికి మొక్కుకుంటున్నాను.

తనంటే నాకు ప్రాణం. కానీ తన గోత్రమూ నా గోత్రమూ ఒకటే అయితే తను నాకు చెల్లెలి వరస, ఇక అంతే సంగతులు. మామూలుగా మాలో పేరు చెబితే గోత్రం తెలిసిపోతుంది. ఈవిడేమో చర్చిలో పెట్టిన పేరు తప్ప ఇంకోటి చెప్పదు. నాది వాస్వా, కవలల్లో పెద్దవాడికి పెట్టే పేరు, దాన్నిబట్టీ ఏమీ తెలియదు. నేరుగా అడిగితే పెళ్లి మాట ఎత్తినట్టే. కాదంటే ఆఫీసులో తలెత్తుకోలేను.

బయట నవంబరు వాన దంచుతోంది. మార్కెట్లో కొన్న మిడతల పొట్లం వేడివేడిగా తన ముందు పెట్టాను.

"తీసెయ్," అంది.

"నాలుగు రోజులుగా ఇదే మాట. నేను తెస్తే అరగదా?"

"నేను తినను. అందుకే నీ వాక్యం అబద్ధం."

"మిడతలు తినని మనిషిని ఒక్కర్ని చూపించు."

"ఎదురుగా కూర్చున్నాను, కనపడట్లేదా? మాది మిడత గోత్రం. సొంతవాళ్లను వేయించుకు తినమంటావా?"

నాలుగు రోజులుగా తన బంధువులను పొట్లం కట్టి తెచ్చినందుకు సిగ్గుపడాలి. సిగ్గు రాలేదు, పట్టలేనంత సంతోషం వచ్చింది.

"మాది పుట్టగొడుగు గోత్రం," అన్నాను. "నువ్వంటే నాకిష్టం స్కోవియా. మనం అన్నాచెల్లెళ్లం కాదు."

తను తాపీగా పెన్నుకు మూత పెట్టింది. "తెలుసు."

"ఎలా?"

"మొదటి రోజు నా క్యారేజీలోంచి పుట్టగొడుగుల కూర వడ్డించబోతే, దయ్యాన్ని చూసినట్టు వెనక్కి జరిగావుగా. ఆ సాయంత్రమే, నా పెళ్లి మాటలు చూడాల్సిన మా మేనత్తకి నీ గురించి చెప్పేశాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"రోజూ పొట్లం వెనక్కి తోస్తున్నానుగా, ఇంకెలా చెప్పాలి? ఆ అబ్బాయికి బుర్ర ఉందా అని అత్త రోజూ అడుగుతోంది. ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. ఆ పొట్లం మాత్రం తేకు, ఇంటినిండా మిడతలమే."