మూడో చక్రంలో ఇసుక

మందుల ట్రాలీ మూడో చక్రంలో ఎవరో కావాలనే ఇసుక పోశారు.

నర్సు దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. చక్రాలకు నూనె రాసి, సొరుగులకు గుడ్డ అంటించి, మధ్యాహ్నం రెండు గంటలు చప్పుడు లేకుండా చూస్తే రోగులకు కంటి నిండా నిద్ర పడుతుందని ఆమె పరిశోధన. నాలుగు వారాలు లెక్కలు ముచ్చటగా వచ్చాయి. ఆ తర్వాత విడివిడిగా మూడు రోజులు మాత్రం వార్డులో ఒక్కరూ కునుకు తీయలేదు. ఇంకో గంటలో ఈ పరిశోధన కొనసాగాలో లేదో తేల్చే కమిటీ.

మెకానిక్ వచ్చి చక్రం దులిపాడు.

"ఇసుకెలా వచ్చిందంటారు?"

"గాలికేమో, మేడమ్."

"గాలి మూడుసార్లూ ఈ చక్రాన్నే వెతుక్కుంటూ వచ్చిందా?"

అతను స్పానర్ వైపు చూశాడు. ఏడో మంచం మామ్మ ముఖం మీది దుప్పటి తీసింది.

"నాకు నిద్ర పట్టని రోజే ఈ అబ్బాయి కనిపిస్తాడు తల్లీ. వచ్చాక చక్రాన్ని తక్కువ, నిన్ను ఎక్కువ చూస్తాడు."

నర్సు చెవులు ఎర్రబడ్డాయి. కోపం కూడా వచ్చింది. ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియదు.

కమిటీ గదిలో సూపరింటెండెంట్ పెదవి విరిచాడు. "నూనె చుక్కతో నిద్రంటే పైవాళ్లు నవ్వుతారమ్మా. చప్పుడు ఆపే యంత్రం అమ్మే కంపెనీ వాళ్లు చూడు, నూట ఇరవై పేజీల నివేదిక ఇచ్చారు."

"ఆ యంత్రమే చప్పుడు చేస్తుంది సార్."

"ఆ చప్పుడు ఆపడానికి ఇంకో యంత్రం ఉందట."

"ఆ మూడు రోజులు పక్కనపెట్టి చూడండి సార్."

"నచ్చని రోజులు పక్కనపెడితే, ఈ ఆసుపత్రిలో ఎవరికీ జబ్బే రాలేదని నేనూ చూపిస్తాను. పరిశోధన ఆపేద్దాం."

మూలన ఫ్యాను బిగిస్తున్న మెకానిక్ స్టూలు దిగాడు.

"ఇసుక పోసింది నేనే సార్. నూనె రాసినప్పటి నుంచి వార్డులో ఏదీ మొరాయించలేదు, ఈవిడ నన్ను పిలవనూ లేదు. నాలుగు వారాలు ఓర్చుకున్నాను. తర్వాత మూడుసార్లు చిటికెడు ఇసుక వేశాను. వేసిన ప్రతిసారీ వార్డంతా లేచి కూర్చుంది, దులిపిన మర్నాడు హాయిగా పడుకుంది. అంటే ఈవిడ చెప్పింది అక్షరాలా నిజం. మంచం మంచానికీ వెళ్లి క్షమాపణ చెప్పుకుంటాను. నన్ను పనిలోంచి తీసేయండి, పరిశోధన మాత్రం ఆపకండి. మేడమ్, ఏదీ పాడవకపోయినా... ఒక్కసారి పిలుస్తారా?"