జారుముడి

వసపిట్ట చెంప చెళ్ళుమంది!

కొట్టింది మేనత్త. కొట్టక ఏం చేస్తుంది మరి! పోయిందనుకున్న తల్లి ప్రాణాలతో తిరిగొచ్చి నెల కావస్తోంది. ఇంతవరకు ఆ పిల్ల తల్లి ముఖం వైపు ఒక్కసారైనా తలెత్తి చూడలేదు. ఆ ఉదయం తల్లి ఎంతో ఆశగా రొట్టెకు వెన్న రాసి, గట్టి అంచులు కోసి, పళ్ళెంలో పెట్టి ముందుంచితే, పిల్ల మాటా పలుకూ లేకుండా కుర్చీని గోడ వైపు తిప్పుకుని, కన్నతల్లికి వీపు చూపిస్తూ తినడం మొదలుపెట్టింది. మేనత్తకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“నానా చావూ చచ్చి నీకోసం వచ్చిందే మీ అమ్మ. దెయ్యమేమైనా కనపడుతోందా నీకు? ఇటు తిరుగు!”

పిల్ల తిరగలేదు. ఏడవనూ లేదు. చెంప మీద వేళ్ళు తేలుతుంటే ఆఖరి ముక్క నమిలి మింగి, పళ్ళెం కడిగి బోర్లించి, నేల చూపులు చూస్తూ పక్కగదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంది.

“కొట్టకండి వదినా,” అంది తల్లి. “నాలుగేళ్ళప్పుడు విడిచాను. నన్ను మరిచిపోయి ఉంటుంది.”

పైకి అలా అందే గాని ఆ మాట ఆమెకే నమ్మకం కలగలేదు. మరిచిపోయిన పిల్లయితే కొత్త మనిషిని చూసినట్టయినా చూడదూ! ఇది మరుపు కాదు... ఇంకేదో. అదేమిటో తెలియకుండానే ఈ ఇంట్లో తను ముసలిదైపోతుందేమోనని ఆమెకు భయం వేసింది.

ఇల్లంటే నాలుగో అంతస్తులో రెండు గదులు. కింద బట్టలుతికే దుకాణం ఉంది. దాని ఆవిరి మెట్ల వెంట పైకెక్కి వచ్చి కిటికీ అద్దాలకు పట్టేస్తుంది. పగలు మొగుడు రొట్టెల ఫ్యాక్టరీలో పిండి మిషన్ దగ్గర పని చేస్తాడు. కానీ చుట్టుపక్కల వాళ్ళకు అతను ఫ్యాక్టరీ మనిషి కాదు, పాటగాడు. ముందు గదిలో గోడ మీద అద్దం బిగించిన చట్రంలో ఓ పాత శాలువా వేలాడుతుంటుంది. వచ్చినవాళ్ళంతా దాన్ని చూసి కళ్ళు ఒత్తుకుంటారు. తల్లి మాత్రం దాని ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే ముఖం పక్కకు తిప్పుకుంటుంది.

ఆ కథ ఇది. వాళ్ళ ఊళ్ళో ఆమె బట్టలు కుట్టేది, అతను పెళ్ళిళ్ళలో పాడేవాడు. పిల్ల నోరు విప్పిన నాటి నుంచి ఆగకుండా వాగేది. దారిన పోయే కుక్కతోనూ కబుర్లే! అందుకే వసపిట్ట అన్నారు. ఇక్కడికొచ్చాక ఆ వాగుడు పోయి, పేరొక్కటే మిగిలింది. బాంబులు పడి సగం ఊరు నేలమట్టమయ్యాక, ఉన్నవాళ్ళు ఉన్నట్టు పరుగుతీశారు. సరిహద్దు కింద పాడుబడ్డ మురుగుకాలువ సొరంగం ఒకటి ఉంది. అందులోంచి మనుషుల్ని దాటించేవాణ్ణి అందరూ నవ్వనివాడు అనేవారు. ఎవరు కాళ్ళా వేళ్ళా పడ్డా కరిగే రకం కాదు. అలాంటివాడు ఇతని పాట విని, చాలాసేపు తల వంచుకుని కూర్చుని, ముగ్గురినీ రమ్మన్నాడు. ఒక్కటే షరతు. లోపల ఒకరి వెనక ఒకరు నడవాలి, ఎవరూ వెనక్కి తిరగకూడదు. ఆ ఇరుకులో ఒకడు తిరిగి నిలబడితే వెనక వాళ్ళంతా ఒకరినొకరు తొక్కుకు చస్తారు.

మొగుడి మెత్తని గుండె ఎలాంటిదో ఆమెకు తెలుసు. అందుకే పిల్ల నెత్తిన చెయ్యి పెట్టించి, ఏమైనా సరే తిరగనని ఒట్టు వేయించుకుంది. వరసలో ఆమే చివరిది. చీకట్లో విడిపోకుండా అతని శాలువా ఒక కొసను అతని నడుముకీ, రెండో కొసను తన మణికట్టుకీ కట్టింది. కట్టింది మామూలు ముడి కాదు, గుడ్డల మూటలకు కుట్టుపనివాళ్ళు వేసే జారుముడి. లాగిన కొద్దీ బిగుస్తుంది. చివర పట్టి ఒక్కసారి తీస్తే పోగైనా చెదరకుండా విడిపోతుంది.

సొరంగం చివర వెలుతురు కనిపిస్తుండగా ఆమె మడమలో ఇనుపచువ్వ దిగింది! అరుపు పళ్ళ బిగువున ఆపుకుంది. బయట దాకా కుంటుకుంటూ పోవచ్చు. ఆ తర్వాత? అంతా బయలు, చాటు అనేది లేదు, పరిగెత్తాలి. కుంటిదాన్ని నడుముకు కట్టుకుని, పిల్లను భుజానెత్తుకుని అతనెంత దూరం పరిగెత్తగలడు? ముగ్గురూ దొరికిపోతారు. ఆమె ఆలోచించింది కూడా తక్కువే. ముడి కొస పట్టి లాగేసింది.

శాలువా వదులైనట్టు అతనికి తెలిసింది. ఒక్క క్షణం అతని మెడ బిగుసుకుంది. కానీ తిరగలేదు. పిల్లను గుండెకు అదుముకుని వెలుతురులోకి పరుగెత్తాడు. ఆమెకు కోపం రాలేదు సరికదా, అమ్మయ్య, మాట నిలబెట్టుకున్నాడు అనుకుంది. తర్వాత సైనికులు పట్టుకోవడం, ముళ్ళకంచెల వెనక బతుకు, మడమ వంకరగా అతుక్కోవడం, ఆసుపత్రిలో రక్తపు దుప్పట్లు ఉతకడం... ఆరేళ్ళు గడిచిపోయాయి. తప్పిపోయినవాళ్ళను వెతికే సంస్థ ఒకటి చివరకు ఆమెను ఈ ఇంటికి చేర్చింది.

వచ్చిన రోజే మెట్ల మీద పక్కింటావిడ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేసింది. నీ అంత అదృష్టవంతురాలు లేదమ్మా, ఇంకొక్క అడుగు వేస్తే గండం గడిచేదే, నీ మీద ప్రాణం ఆగక వెనక్కి తిరిగి చూశాడట కదా, ఆ చూసినందుకేగా నిన్ను పోగొట్టుకున్నాడు, మగాడంటే అలా ఉండాలి అంది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు! ఆ తర్వాత అర్థమైంది. ఆ చూసిన చూపు మీద అతనొక పాట కట్టాడు. ప్రతి ఆదివారం తమవాళ్ళంతా కలిసే హాల్లో ఆ పాట పాడతాడు. వినేవాళ్ళకు గుండెలు చెరువులవుతాయి.

ఆమె నిలదీస్తే అతను తల దించుకున్నాడు. ఇక్కడికొచ్చిన మొదటిరోజు, అప్పటికే ఇక్కడుంటున్న అక్క, అంటే ఈ మేనత్తే అడిగిందట, ఒక్కసారైనా వెనక్కి చూడలేదట్రా అని. ఆ అడగడంలోని అసహ్యం భరించలేక, చూశానక్కా అనేశాడట. ఆ ఒక్క మాట మీద ఇదంతా లేచింది, ఇప్పుడు ఎలా వెనక్కి తీసుకోను అన్నాడు.

“ముడి నేను విప్పానని మీకు తెలియదా?” అని అడిగింది ఆమె.

అతను శాలువా వైపు చూశాడు. కొస ఎక్కడా చిరగలేదు, పోగు లేవలేదు. తెలుసన్నట్టు తలూపాడు.

ఆమె మాట మింగేసింది. బయటపెడితే పిల్లకు తండ్రి చులకనైపోతాడు. తల్లి ముఖమే చూడని పిల్లకు తండ్రినీ లేకుండా చేయనా? ఆ ఒక్క ఆలోచనతో పళ్ళ బిగువున ఊరుకుంది.

చెంపదెబ్బ పడ్డది ఆదివారమే. ఆ సాయంత్రం హాలు కిటకిటలాడిపోయింది. తిరిగొచ్చిన పెళ్ళాం మొదటిసారి హాలుకు వస్తోందని తెలిసి ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. పాటగాడు ఆమెను వేదిక మీద తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. అప్పుడే పెళ్ళయినట్టు ఆడవాళ్ళు ఆమె ఒళ్ళో పూలు పెట్టారు. ఆమెకు ఒళ్ళంతా కంపరమెత్తింది. పాట మొదలైంది. నిజం చెప్పాలంటే ఆ గొంతు అమృతమే! సొరంగం, చీకటి, ముందు వెలుతురు... “తిరిగి చూశానే, తిరిగి చూశానే, చూసి నిన్నే పోగొట్టుకున్నానే” అన్న చోట గొంతు సన్నగా వణికింది. హాలంతా ముక్కులు ఎగబీల్చుకుంటున్నారు.

ముందు వరసలో మేనత్త పక్కన కూర్చున్న వసపిట్ట రెండు చెవులూ మూసుకుంది. లేచింది. అందరి మోకాళ్ళూ తన్నుకుంటూ బయటకు పరుగెత్తింది. తల్లి ఒళ్ళోని పూలు నేలపాలు చేసి, వంకర మడమ ఈడ్చుకుంటూ వెనకే వెళ్ళింది.

కోట్లు తగిలించే గదిలో పిల్ల దొరికింది. తడి కోట్ల మధ్య, గోడకు ముఖం ఆనించి, నేల మీద కూర్చుని ఉంది. తల్లి దగ్గరకు వెళ్ళింది గాని ముట్టుకోలేదు. ఏమనుకుందో ఏమో, తను కూడా నేల మీద చతికిలబడి, పిల్ల వీపుకు తన వీపు ఆనించింది.

“నేను నీ వైపు చూడను. నువ్వూ చూడక్కర్లేదు. ఎందుకు పారిపోయి వచ్చావో ఒక్కటి చెప్పమ్మా.”

గోడ వైపు నుంచి చిన్న గొంతు వినిపించింది.

“నాన్న అబద్ధం పాడుతున్నాడు.”

తల్లి తల తిప్పబోయి ఆపుకుంది.

“నాన్న చూడలేదు. చూసింది నేను,” అంది పిల్ల. “నాన్న భుజం మీద నుంచి వెనక్కే చూస్తున్నా. చూడొద్దని నవ్వనివాడు చెప్పాడుగా. అయినా చూశా. నువ్వు పోయావ్. నేను చేసిన తప్పు నాన్న తన మీద వేసుకుని పాడుతున్నాడు, నన్నెవరూ తిట్టకుండా...”

“అయ్యో నా తల్లీ...”

“నువ్వు ముడి విప్పుకోవడం కూడా చూశా. వేలు పెట్టావుగా పెదాల మీద. నేనెవరికీ చెప్పలేదమ్మా. నాన్నకి చెప్పుంటే ఆగేవాడేమో. ఇప్పుడు మళ్ళీ నీ ముఖం చూస్తే మళ్ళీ పోతావ్. అందుకే...”

ఆ తల్లి పిల్ల ముఖాన్ని ఏనాడూ మరవలేదు, తన వేలి సంగతి మాత్రం అప్పుడే గుర్తొచ్చింది! నిజమే, ముడి విప్పుతుండగా వెలుతురులో పిల్ల కళ్ళు తనవైపే విప్పారి ఉన్నాయి. ఏదో వాగబోతోంది. అందుకే తను వేలు పెదాలకు ఆనించింది. ష్, మాట్లాడకు అంది. ఆ వేలు ఆరేళ్ళుగా పిల్ల నోటి మీదే ఉండిపోయింది! ఇన్నాళ్ళూ ఆ అబద్ధం తనకొక్కదానికే అన్యాయం చేసిందనుకుంది. అది రోజుకోసారి ఈ పసిదాని గొంతు నులిమిందని తనకేం తెలుసు? ఆ నులమడంలో తన చెయ్యీ ఉందని ఎలా తెలుసు? ముళ్ళకంచెల వెనక కూడా ఏడవని మనిషి, కోట్ల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“విను,” అంది చివరకు. “ఎవరో చూసినందుకు నేను పోలేదు. కాలికి చువ్వ దిగింది, పరిగెత్తలేను, మీరిద్దరూ బతకాలని నేనే ముడి విప్పుకున్నాను. నాన్న తిరగనందుకే నువ్వు బతికావు. నువ్వు చూసినందుకే నేను బతికాను. ఆ ముఖం ఒక్కటే నాతో వచ్చింది. దాన్ని తలుచుకునే రోజులు గడిపాను. అప్పుడు మాట్లాడొద్దన్నాను, అది నా తప్పు. ఇక చాలమ్మా. మాట్లాడు. చూడు. నేనెక్కడికీ పోను.”

వీపు మీద నుంచి చిన్న బరువు తొలగింది. పిల్ల ఇటు తిరిగింది. ముందు తల్లి వంకర మడమను చూసింది, వేలితో మెల్లగా తాకింది. తర్వాత, భయపడుతూ భయపడుతూ, తలెత్తి ముఖం చూసింది. కళ్ళు మూసుకుంది, మళ్ళీ తెరిచి చూసింది. తల్లి అక్కడే ఉంది.

గుమ్మంలో పాటగాడు నిలబడి ఉన్నాడు. పాట మధ్యలో ఆపి ఎప్పుడొచ్చాడో తెలీదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పిల్ల చూసిందని నాకు తెలియదు, ఒట్టు, నాకు తెలియదు అని గొణిగాడు.

“మీరు చూడకపోవడం తప్పు కాదండీ,” అంది ఆమె. “చూడొద్దని ఒట్టు వేయించుకున్నది నేనే. జరిగింది జరిగినట్టు చెప్పి ఉంటే, జీవితమంతా మీ కాళ్ళ దగ్గర పడి ఉండేదాన్ని. నేను ముడి విప్పుకున్నదాన్ని మీరు వెనక్కి చూసిన చూపుగా మార్చుకున్నారు. పిల్ల దాని కింద నలిగిపోయింది. పోయి ఇప్పుడైనా నిజం పాడండి. వెనక్కి చూడలేదని పాడండి.”

హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. జనం అతన్ని మళ్ళీ రమ్మంటున్నారు. అతను పెళ్ళాం వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు, కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు. తల్లి చెవులు రిక్కించి కూర్చుంది. ఎంతైనా మొగుడు, ఎంతైనా పిల్ల తండ్రి. పాడతాడు, ఈసారి నిజమే పాడతాడు...

అదే పాట. అదే చోట గొంతు వణికింది.

“నాన్న మళ్ళీ అదే పాడుతున్నాడు,” అంది వసపిట్ట.

“పాడనీ,” అంది తల్లి. కోటు వెతికి పిల్లకు తొడిగి, గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. ఆమె మనసులో ఏదో తెగింది. ఈసారి విప్పింది కాదు, తెగింది.

నలుగురూ ఇంటికి నడిచారు. వాన వెలిసి వీధి దీపాలప్పుడే వెలుగుతున్నాయి. పొద్దున కొట్టిన చెయ్యిని మేనత్త కొంగు చాటున దాచుకుని, ఏం జరిగిందో సగం అర్థమై సగం కాక, ముక్కు తుడుచుకుంటూ నడిచింది. పాటగాడు ముందు వెళ్తున్నాడు. నాలుగడుగులకోసారి ఆగి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఏమైనా అంటారేమోనని, కనీసం చూస్తారేమోనని. దారి పొడుగునా అలా ఎన్నిసార్లు చూశాడో!

తల్లి ఒక్కసారి కూడా అటు చూడలేదు. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని, ముఖంలోకి చూస్తూ ఆగకుండా మాట్లాడుతోంది. బడి గురించి, కింది దుకాణంలో తప్పిపోయే మేజోళ్ళ గురించి, మెట్ల కింద ఈనిన పిల్లి గురించి. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగడం లేదు.

“ముందు చూసి నడవవే, పడతావు,” అంది మేనత్త.

“అమ్మ పట్టుకుందిగా,” అంది వసపిట్ట, మళ్ళీ మొదలుపెట్టింది.