కడప లైన్‌లో నెలవంక

"కడప! కడప! ఉండావా, నిద్రపోతాండావా?"

"ఉండా తల్లీ, ఉండా!" అవతలి నుంచి ఒక మగగొంతు బద్ధకంగా పలికింది. "ఏంది ఆ గొంతు, అట్ల గీసుకపోతాండాది? పోయి గ్లాసు నీళ్లు తాగి రా. అంతలో కర్నూలు యాడికీ పోదులే."

జులేఖాకు ఒళ్లు మండింది.

"నేను రంజాన్ రోజా ఉండా. నా నీళ్ల సంగతి నీకెందుకు? కలెక్టరాఫీసుకు లైనియ్యి!"

"రోజానా? అట్లయితే నేను గూడా..."

మిగతా మాట వినకుండానే ఆమె లైన్ కలిపేసింది. తనను వెక్కిరించబోయాడనే అనుకుంది.

కర్నూలు రాజధాని అయిన తొలి వేసవి అది. సగం ఆఫీసులు డేరాల్లో నడుస్తున్నాయి. ఎవరికి ఏం కావాలన్నా ట్రంక్ కాలే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కొత్తగా చేరిన ఆడపిల్లల్లో ముస్లిం అమ్మాయి జులేఖా ఒక్కతే. బురఖాలో వచ్చి, దాన్ని మడిచి కుర్చీకి తగిలించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని బోర్డు ముందు కూర్చునేది. ఆడపిల్లకు ఉద్యోగమేమిటని ఇంట్లో నాయనమ్మ, దాదీ సణిగింది. రంజాన్ నెలంతా సెలవు పెట్టమని సూపర్‌వైజరమ్మ చెప్పి చూసింది. జులేఖా ఇద్దరి మాటా వినలేదు. ఉపవాసమూ మానలేదు, డ్యూటీ కూడా మానలేదు.

కడప గొంతు మర్నాడూ పలికింది. ఆ మర్నాడూ పలికింది. కాల్ కలిసేలోపు చిన్న చిన్న పోట్లాటలు. క్రమంగా ఆ పోట్లాట లేకపోతే ఆమెకు తోచకుండా పోయింది.

ఒక మధ్యాహ్నం కర్నూలులో వడగాలి కొడుతోంది. జులేఖా నాలుక పిడచకట్టుకుపోయింది.

"కర్నూలూ, ఒక నిమిషం మాట్లాడాకు. ఇది విను," అన్నాడు అతను.

రిసీవర్ కిటికీ దగ్గర పెట్టినట్టున్నాడు. రేకుల మీద టపటపా చినుకులు. కడప వాన! జులేఖా కళ్లు మూసుకుంది. చెవిలో మొదలైన చల్లదనం అరికాళ్ల దాకా దిగింది.

"చాలా, ఇంకా కావాల్నా?"

"ఇంకొంచెం," అంది, తన గొంతు తనకే కొత్తగా వినిపించగా.

ఆ రోజే పేర్లు చెప్పుకున్నారు. అతని పేరు దస్తగిరి. జులేఖా ఆ పేరు వినగానే, తమ మతంవాడే అనుకుని ఎగిరి గంతేసినంత పని చేసింది. పక్క బోర్డు ఉరుకుందమ్మ ఆ సంబరాన్ని అక్కడే ఆపేసింది.

"శానా సంబరపడాకు! మా మేనమామ పేరు గూడా దస్తగిరే. పీర్లసావిడి కాడ మొక్కుకుంటే పుట్నాడని పెట్టినారు. మీ వాడో, మా వాడో ముందు కనుక్కో."

"ఎట్ల అడిగేది? ఎందుకడుగుతాండావంటే ఏం చెప్పల్ల?"

ఆ సాయంత్రం నమాజులో జులేఖా మనసు నిలవలేదు. ఆకలిని ఆపడం తేలికే, మనసును ఆపడమే కష్టంగా ఉంది. అతను తమవాడు కాకపోతే, పండగ కాగానే కడప బోర్డు నుంచి మార్చమని అడగాలి. అల్లా ముందు చేతులు చాచి ఆ మాట అనుకుంది. అనుకున్నాక ఏడుపొచ్చింది.

ఇరవై తొమ్మిదో రోజా నాటి సాయంత్రం కర్నూలు ఆకాశం నిండా మబ్బులు. నెలవంక కనబడే దారి లేదు. వేరే ఊరి కబురు కోసం మసీదు ఎదుటి బట్టల కొట్టులో ఫోను చుట్టూ పెద్దలంతా చేరారు. వాళ్లలో అత్తరు అమ్మే జులేఖా తండ్రి మొహిద్దీన్ సాహెబు కూడా ఉన్నాడు. బోర్డు దగ్గరే ఖర్జూరంతో రోజా విడిచిన జులేఖా ముందు కడప లైట్ వెలిగింది.

"జులేఖా! నెలవంక కనపడినాది! ఇప్పుడే మేడెక్కి చూసొచ్చినా! మా ఖాజీ సాబు, పెద్దలు అందరూ చూసినారు. చాంద్ ముబారక్!"

"మీ ఖాజీ సాబా?"

"మరి ఎవరి ఖాజీ? మొదటి రోజే నేను గూడా రోజా ఉండానని చెప్పబోతే లైన్ కలిపేస్తివి!"

జులేఖా చప్పున అతని లైన్‌ను బట్టల కొట్టుకు కలిపింది. దస్తగిరి ఉర్దూలో గబగబా అంతా చెప్పాడు. కానీ మసీదులో ప్రసంగించే ఖతీబు ఒప్పుకోలేదు.

"నాయనా, ఫోన్లో ఎవరైనా ఏమైనా చెప్పొచ్చు. పొరపాటైతే ఊరంతా ఒక రోజా పోగొట్టుకుంటుంది. ఈ గొంతు తెలిసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

లైన్ మీద జులేఖా అంతా వింటోంది. ఆపరేటర్లు మధ్యలో మాట్లాడకూడదు. మాట్లాడితే ఉద్యోగానికి ముప్పు. అంతకంటే, అక్కడ అబ్బా ఉన్నాడు. పరాయి మగవాడి గొంతు నీకెలా తెలుసంటే? కానీ నోరు మూసుకుంటే రేపు పండగ రోజున ఊరంతా ఉపవాసం ఉంటుంది.

కీ నొక్కింది.

"నాకు తెలుసు హజ్రత్. నేను మొహిద్దీన్ సాహెబు కూతురు జులేఖాను. నెలంతా రోజూ ఈ గొంతు వింటున్నాను. ఒక్కనాడు కూడా అబద్ధం చెప్పలేదు. ఆయన చూశానంటే చూసినట్టే."

తర్వాత ఖతీబు కడప ఖాజీని లైన్లోకి పిలిపించి మాట్లాడాడు. కాసేపటికి మసీదు నగారా మోగింది. వీధులు ఒక్కసారిగా హోరెత్తాయి. సూపర్‌వైజరమ్మ కళ్లద్దాల మీదుగా చూసి, "నాకేమీ వినపడలేదమ్మా, ఇంటికి పోయి పండగ చేసుకో," అంది.

ఆమెను తీసుకుపోవడానికి వచ్చిన మొహిద్దీన్ సాహెబు ఇంటి దారిలో అడిగాడు.

"ఆ అబ్బాయిని చూసినావా?"

"లేదబ్బా."

"చూడకుండానే అంత నమ్మకమా?"

"మీరూ చాంద్‌ను చూడలేదు కదా అబ్బా. నమ్మినారు కదా!"

ఆయన గడ్డం సవరించుకునే నెపంతో నవ్వు దాచుకున్నాడు.

పండగ మర్నాడు బట్టల కొట్టు నుంచి కాల్ వచ్చింది. "కడపకు ట్రంక్ కాల్ కావాలమ్మా. ఎక్స్ఛేంజిలో దస్తగిరితో మాట్లాడాల."

"అబ్బా! మీరా?"

"నేనే. లైన్ కలుపు. నువ్వు మాత్రం వినొద్దు."

జులేఖా లైన్ కలిపి, హెడ్‌ఫోన్ తీసి ఉరుకుందమ్మ ఒళ్లో పడేసింది.

ఆ వారమే దస్తగిరి తల్లిని తీసుకుని కర్నూలులో బస్సు దిగాడు. ఇంట్లో తెర సందులోంచి జులేఖా చూసింది. ఆరడుగుల మనిషిని ఊహించుకుంటే బక్కపలచగా, నిక్కబొడుచుకున్న చెవులతో, కుర్చీ అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. ఆ బెదురు చూసి ఆమెకు ఇంకా నచ్చాడు.

"పెళ్లయినాక పిల్ల ఉద్యోగం మానాల్నా?" దాదీ సూటిగా అడిగింది.

"వద్దు దాదీ. నేనే కర్నూలుకు ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటా," అన్నాడు దస్తగిరి.

దాదీ తెరవైపు తిరిగింది. "ఏమే, నీకిష్టమేనా?"

రోజంతా ఊళ్లకు ఊళ్లను పలకరించే పిల్ల ఊరికే తలూపింది.

"తలూపితే నాకు కనపడదు. నోటితో చెప్పు!"

జులేఖా ఊపిరి పీల్చుకుని, దూరపు ఊరితో మాట్లాడుతున్నట్టే అరిచింది.

"ఇష్టమే!"

వీధిలో పోతున్న జట్కా ఆగింది. దస్తగిరి లోటాలోని షర్బత్ ఒలకబోసుకున్నాడు.